విద్యార్థి వ్యాసములు – ఆకరనిర్దేశము

వ్యాసరచన మన పాఠశాలలలో భాషాబోధనకు పరమావధిగా నెన్నబడుచున్నది. ప్రతిపదార్థము చెప్పుటయు, వ్యాకరణసూత్రమును వల్లించుటయు నెట్లున్నను, బాలుడు తన తలపును తన మాటలలో క్రమముగా నిలుపగలిగినపుడే చదువు వానికి పట్టువడినదని చెప్పవచ్చును. అట్టి వ్యాసములు నేడెట్లున్నవి? వానియందలి మాట లెవరివి? ఈ రెండవ ప్రశ్నమును మన మంతగా వేసికొనుట లేదు. అక్షరదోషములను దిద్దుచున్నాము, పేరాలు సరిగా విడదీయలేదని మందలించుచున్నాము, మార్జిను విడువలేదని మార్కు తగ్గించుచున్నాము. కాని యీ వాక్య మెక్కడనుండి వచ్చినదని బాలు నడుగువారు మిక్కిలి తక్కువ. ఈ యుపేక్షయే నాకిచ్చట విమర్శనీయము.

ఇతరుల మాటను గైకొనుటలో మన విద్యార్థుల వ్యాసములు నాలుగు తెఱగులుగా నున్నవి. మొదటి తెఱగున గైడు పుస్తకములోని వాక్యములు పేరు లేకయే తరలి వచ్చును. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఒకరి పాండిత్యమున కింకొకరు మార్కులు గొందురు. రెండవ తెఱగున "పెద్దలు చెప్పినట్లు," "ఒక మహానుభావు డన్నట్లు" అను మాటలుండును. ఆ పెద్దలెవరో, ఆ మహానుభావు డేయూరివాడో తెలియదు. మూడవ తెఱగున పేరుండును గాని, ఆ పేరుగలవా డామాటను నిజముగా ననెనో లేదో వ్రాసినవా డెఱుగడు. నాలుగవ తెఱగు కళాశాలలలో హెచ్చు. వ్యాసము చివర నిరువది గ్రంథముల పట్టిక యుండును. వ్యాసములోని యే వాక్యమున కే గ్రంథ మాధారమో సూచన యెక్కడను గానరాదు. ఈ పట్టిక వాకిట గట్టిన తోరణమువంటిది. చూచుటకు బాగుండును గాని యింటి బరువును మోయదు.

ఈ నాల్గింటిలో మొదటిదానిని దొంగతనమని యందఱు నొప్పుకొందురు. నా యెఱిగినంతలో మూడవది దానికంటెను ప్రమాదకరము. మొదటిది యొక రచయితకు నష్టము; మూడవది సత్యమునకే నష్టము. దీనికి మనయింటి బిడ్డలు నిత్యమును వ్రాయు నొక యుదాహరణమును చూపెదను.

"ఆంగ్లవిద్య – మన సంస్కృతి" అను విషయమున వ్యాసము వ్రాయుమన్నచో మెకాలే ప్రభువు పేర నొక ప్రసంగము తఱుచుగా నుదాహరింపబడును. అతడు 1835 వ సంవత్సరము ఫిబ్రవరి 2 వ తేదీన బ్రిటిషు పార్లమెంటులో మాటలాడుచు, తాను హిందూదేశము నలుమూలల దిరిగితిననియు, ఒక్క బిచ్చగానిని గాని దొంగను గాని చూడలేదనియు, ఈ జాతి వెన్నెముకను విఱువవలెనన్న దీని ప్రాచీన విద్యను మార్పవలెననియు జెప్పెనని బాలురు వ్రాయుదురు. ఉపన్యాసకులును చెప్పుదురు, గోడలమీదను వ్రాయుదురు. ఇక నిజమును విచారింతము. మెకాలే 1834 జూన్ మాసమున చెన్నపట్టణమున నోడ దిగెను. 1838 వఱకు నీదేశముననే యుండెను. 1835 ఫిబ్రవరి 2 వ తేదీన నాతడు లండనులో లేడు. కలకత్తాలో గవర్నరు జనరలు సభలో న్యాయసభ్యుడుగా నుండెను. ఆ దినమున నాతడు చేసినది ప్రసంగము కాదు. విద్యావిషయమున నొక నివేదికను వ్రాసెను. అందు బిచ్చగాండ్ర మాట లేదు, దొంగల మాట లేదు, మన సంస్కృతిపై మెప్పు మొదలే లేదు. మఱి యున్నదేమన, మంచి యూరపు గ్రంథాలయములోని యొక్క బీరువాయర హిందూదేశపు, అరబ్బుదేశపు వాఙ్మయ మంతటికిని సమానమను తిరస్కారము. ఇట్లు వ్రాసినవా డదేదినమున మన విద్యను కొనియాడెననుట పొసగునా?

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. మెకాలేను ఖండింపదలచినవారికి కల్పితవాక్యముతో బనిలేదు. అతని నిజమైన మాటలే చాలును. ఆ నివేదిక హెచ్. షార్పు కూర్చగా 1920 లో కలకత్తాలో ప్రకటింపబడిన విద్యావిషయక ప్రభుత్వపత్రముల సంపుటమున నచ్చుపడి యున్నది. బాలు డొక్కమాఱు "ఇది యేగ్రంథములో నున్నది?" అని యడిగికొని యుండినచో, అబద్ధము వాని కలమునుండి జాఱియుండెడిది కాదు. ఆకరము నడుగుట యనగా కేవలము మర్యాద కాదు, అది సత్యపరీక్ష. న్యాయమైన పక్షమును బూటకపు సాక్ష్యముతో నిలువబెట్టినవాడు, ఆ సాక్ష్యము బయటపడిననాడు న్యాయమైన పక్షమును గూడ నోడించును. దేశాభిమానము గలవారి కీ జాగ్రత్త యితరులకంటె హెచ్చుగా నుండవలెను.

మఱియొకటి. దేశభాషలలో తెలుగు మేలైనదని కృష్ణదేవరాయలు పలికెనని మన బాలు రందఱును వ్రాయుదురు. ఇది యబద్ధము కాదు గాని, సగమే నిజము. ఆముక్తమాల్యదలో నామాట రాయల నోట లేదు. శ్రీకాకుళమున స్వప్నమున సాక్షాత్కరించిన యాంధ్రవిష్ణువు నోట నున్నది. అంతకు మున్నే వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమునను నామాట గానవచ్చుచున్నది. ఆ గ్రంథము శ్రీనాథునిదే యనువారును గలరు. చూడుడు, ఆకరమును సరిగా జెప్పబూనిన మాత్రమున నెన్ని విషయములు తెలియవచ్చినవో! కావ్యములోని పాత్ర పలుకునకును కవి పలుకునకును భేదము తెలిసినది. ఒక మాట కవినుండి కవికి సాగివచ్చు తీరు తెలిసినది. కర్తృత్వవివాదమనున దొకటి కలదని తెలిసినది. "రాయలు చెప్పెను" అని వ్రాసి యూరకుండిన బాలున కివి యేవియు దక్కవు.

ఇట్లే తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను భాషయని నికోలో కాంటీ యనునాతడు శ్లాఘించెనని వ్రాయుదురు. కాంటీ పదునైదవ శతాబ్దమున మనదేశమును చూచిన వెనీసు వర్తకుడు. అతడు తన వృత్తాంతమును తాను వ్రాయలేదు; అతడు చెప్పగా పోపు కార్యదర్శియైన పోజియో లాటినుభాషలో వ్రాసెను. దాని యాంగ్లానువాదము 1857 లో హక్లూయిటు సంఘమువారు ప్రకటించిన సంపుటమున నున్నది. ఈ శ్లాఘనను వ్రాయువారిలో నా సంపుటమును దెఱచి, పుట చూపగలవా రెందఱు? పుట చూపలేనివాడు కాంటీ యనెనని వ్రాయరాదు. "ఫలానా పాఠ్యపుస్తకములో నట్లున్నది" అని మాత్రము వ్రాయవచ్చును. తాను చూచినదానినే చూచితినని చెప్పుట యీ విద్యకు మొదటి నియమము.

ఇక నొక యాక్షేపణ కలదు. "ఈ పుటల లెక్క, పేర్ల పట్టిక పాశ్చాత్యుల యాచారము, మన పూర్వులు భావమును స్వేచ్ఛగా గైకొనిరి, రాజశేఖరుడంతటివాడు దొంగగాని కవి లేడనెను గదా" యని కొంద ఱందురు. క్రీ. శ. 900 ప్రాంతమునవాడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమును, అర్థహరణమును విచారించి, మఱుగుపఱుప నేర్చినవాడు నింద లేక వర్ధిల్లునని చమత్కరించిన మాట నిజమే. కాని యాతడు చెప్పినది కవుల విషయము. కావ్యమున రసము ప్రధానము; పాతభావము క్రొత్తరూపమున వచ్చినచో సహృదయుడు సంతోషించును. అట్టి కావ్యమందును నగ్నచౌర్యమును పెద్దలు సైపలేదు. అక్షరములు మార్చి గుర్తులు మఱుగుపఱచు కవి సత్పురుషుల నడుమ దొంగగా బయటపడునని బాణుడు హర్షచరితారంభమున హెచ్చరించెను. వ్యాసము కావ్యము కాదు. అది శాస్త్రమునకు జేరువ. వ్యాసకర్త రసము నొసగుట కంటె ముందు ప్రమాణమును చూపవలెను.

శాస్త్రకారు లేమిచేసిరో చూతము. పాణిని తన యష్టాధ్యాయిలో శాకటాయనుడు, శాకల్యుడు, గార్గ్యుడు, ఆపిశలి మున్నగు పదుగురు పూర్వాచార్యుల మతములను వారి వారి పేర నిర్దేశించెను. ఒక్క యక్షరము తగ్గినను సంతసించు సూత్రకారుడు పేరులకు మాత్రము చోటిచ్చెను. కౌటిల్యుడు మానవులు, బార్హస్పత్యులు, ఔశనసులు నేమనిరో చెప్పి, పిదప తన మతమును తన పేరనే వేఱుగా నిలిపెను. ఇతరుల యభిప్రాయ మిది, నాది యిది యని గీత గీయుట కింతకంటె మేలైన మాదిరి యేది? మన తెలుగువాడైన కోలాచల మల్లినాథసూరి రఘువంశవ్యాఖ్య కారంభమున, మూలము లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు బ్రతిన పట్టెను. ఆ ప్రతిన నాతడు వాక్యవాక్యమునను నెఱవేర్చెను. ఒక పదమున కర్థము చెప్పిన వెంటనే "ఇత్యమరః" అనియో, "ఇతి విశ్వః" అనియో యా యర్థము నొసగిన నిఘంటువును పేర్కొనెను. అది చివర నిచ్చిన పట్టిక కాదు. మాటప్రక్కనే నిలిచిన సాక్షి. నేడు విశ్వవిద్యాలయములు కోరు నాకరనిర్దేశమునకు నిదియే స్వరూపము.

మన లాక్షణికులు సైతము "ప్రయోగము చూపుము" అనక యే రూపమును నొప్పరైరి. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885 లో వెలువడినది. సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రథమసంపుటము 1936 లో వెలువడినది. వానిలో నొక పద మెట్లు కవులచే వాడబడెనో ప్రయోగముతో గూడ చూపబడినది. గ్రాంథికవ్యావహారికవాదము నాడు గిడుగు రామమూర్తి పంతులుగారు ప్రతిపక్షులను గదిలించినది బిగ్గఱగా నఱచి కాదు. పూర్వగ్రంథములనుండి ప్రయోగములు తెచ్చి ముందుంచి. కావున నీ యాచారమును పరదేశపు సరకనుట మన సంప్రదాయమును మనమే యెఱుగమిచే ననుమాట. పాశ్చాత్యులు చేర్చినది పద్ధతిని మాత్రమే. 1881 లో హార్వర్డు జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు మార్కు, పెంకులేని నత్తను గుఱించిన తన వ్యాసమున, రచయిత పేరును ప్రకటనవత్సరమును వాక్యములోనే కుండలీకరణమున నుంచు పద్ధతిని చూపెను. 1906 లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు తమ నియమములను గ్రంథరూపమున బ్రకటించిరి. పిదప నాయా శాస్త్రసంఘములు తమతమ పద్ధతుల నేర్పఱచుకొనినవి. ఇవి మల్లినాథుడు చేసినదానికే క్రమము కల్పించినవి.

ఇక బాలునకు నేర్పవలసిన దేమి? మూడు భేదములు తెలియవలెను. పరుల మాటను ఉన్నదున్నట్లు గైకొనినచో నుద్ధరణచిహ్నముల నడుమ నుంచి, ఒక్క యక్షరమునైనను మార్పక, రచయితను, గ్రంథమును, సంవత్సరమును, పుటను జెప్పవలెను. నడుమ గొన్ని మాటలు విడిచినచో చుక్కలతో సూచింపవలెను. పరుల భావమును తన మాటలలో జెప్పినచో నుద్ధరణచిహ్నము లక్కఱలేదు గాని, ఆకరమును జెప్పకతప్పదు. ఇచ్చటనే బాలురు పొరపడుదురు. నాలుగు పదములు మార్చినచో వాక్యము తమదైపోవునని తలతురు. పేరు మార్చినంత మాత్రమున గోవు యజమాని మాఱునా? మూడవది, లోకమున కెల్ల దెలిసిన విషయము. గోదావరి నాసికము దాపున త్ర్యంబకమువద్ద బుట్టుననుటకు సాక్షి యక్కఱలేదు. ప్రతివాక్యమునకు నొక పేరు తగిలించిన వ్యాసము, అడుగడుగున వారిని వీరిని పట్టుకొని నడచు రోగివలె నుండును. తన పలుకు ముందు నడువవలెను. ప్రమాణము వెనుక నిలువవలెను.

ఉదాహరణమునకు, "1835 నాటి నివేదికలో మెకాలే ప్రాచ్యవాఙ్మయమును యూరపు వాఙ్మయముకంటె మిక్కిలి హీనముగా నెన్నెను" అని వ్రాసి, వెంటనే కుండలీకరణమున "మెకాలే, 1835, షార్పు, 1920, ఇన్నవ పుట" అని చేర్చినచో చాలును. చివర పట్టికలో షార్పు గ్రంథముయొక్క పూర్తిపేరు, ముద్రణస్థలము నుండును. వాక్యములోని సూచన పట్టికకు దారి చూపును. పట్టిక పుస్తకమునకు దారి చూపును. పుస్తకము సత్యమునకు దారి చూపును. భూమి దస్తావేజులో చెక్కుబంది యెట్టిదో వ్యాసములో నీ సూచన యట్టిది. నాలుగు హద్దులు లేని దస్తావేజు నే గృహస్థుడు కొనును?

పద్ధతి విషయమున మన భాషకు దగిన వివేచనము కొంత కావలెను. పద్యకావ్యములకు పుటసంఖ్య కంటె ఆశ్వాసమును, పద్యసంఖ్యయు మేలు; ఏ ముద్రణము చూచినవానికైనను దొరకును. అట్లయ్యును పాఠభేదము లున్నచోట ముద్రణమును గూడ చెప్పవలెను. పూనా భండార్కరు సంస్థవారు 1966 నాటికి ముగించిన సంస్కృతభారత పరిష్కరణమున శ్లోకసంఖ్యలు పాతముద్రణములతో సరిపోవు. వీరేశలింగము పంతులుగారు కవులచరిత్రమును మొదట బ్రకటించిన దానిని సంస్కరించి మరల బ్రకటించిరి. ఏ ముద్రణమో చెప్పక వారి యభిప్రాయము నుదాహరించినచో, వారు దిద్దుకొనిన మాటను వారికే యంటగట్టిన దోషము గలుగును. పేరుల మాట యింకొకటి. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివరనుండును. మనకు మొదట నుండును. వారి నియమమును గ్రుడ్డిగా ననుసరించి "లింగము, కందుకూరి వీరేశ" యని వ్రాసిన పట్టికలు నవ్వుల పాలగును. ఇంటిపేరు ముందుంచి యున్నపేరు నున్నట్లు వ్రాయుటయే మనకు జక్కని మార్గము.

అంతర్జాలము వచ్చిన తరువాత నీ ప్రశ్న మింకను బిగిసినది. 2003 లో నారంభమైన తెలుగు వికీపీడియా బాలుర కుపకారియే. కాని యది ద్వారము, గర్భగుడి కాదు. అందలి వ్యాసముల క్రింద నిచ్చిన మూలములను బాలుడు తెఱచి చూడవలెను, చూచినదానినే పేర్కొనవలెను. ఇటీవలి కృత్రిమమేధాయంత్రములు మఱియొక యపాయమును దెచ్చినవి. అవి వాక్యముల నల్లుటయే కాదు, ఒక్కొకమాఱు లేని గ్రంథములకు బేరులను, లేని తీర్పులకు సంఖ్యలను గూడ నల్లును. 2023 లో న్యూయార్కు ఫెడరలు న్యాయస్థానమున న్యాయవాదు లట్టి కల్పితతీర్పుల నుదాహరించి, 5,000 డాలర్ల జుల్మానాకు పాల్పడిరి. చదువు ముగించి, వృత్తిలో నున్నవారికే యీ గతి పట్టినపుడు, తొమ్మిదవతరగతి బాలుని మాట చెప్పనేల? యంత్రము చెప్పిన యాకరమును యంత్రమే ధ్రువపఱుపజాలదు. గ్రంథము తెఱచిన మనుష్యుని కన్నే ధ్రువపఱుపవలెను.

శిక్షలు లేకపోలేదు. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారు 2018 లో గ్రంథచౌర్యనివారణమునకు నిబంధనలు చేసిరి. పరిశోధనవ్యాసమున నితరగ్రంథసామ్యము 10 శాతమునకు మించి 40 శాతము వఱకున్నచో ఆఱుమాసములలోపల సవరించి మరల సమర్పింపవలెను. 40 నుండి 60 వఱకైనచో నొక సంవత్సరము వఱకు సమర్పింపరాదు. 60 దాటినచో నమోదే రద్దగును. సరిగా నాకరము చెప్పి యుదాహరించిన భాగము లీ లెక్కలో జేరవు. ఈ నిబంధనలు మంచివే. కాని యిరువదియైదేండ్ల వయసున శిక్షతో నేర్పబూనుకొనునది పండ్రెండేండ్ల వయసున నలవాటుగా నబ్బియుండవలసినది. యంత్రము శబ్దసామ్యమును లెక్కపెట్టును. పదములు మార్చి భావము నపహరించినవానిని పట్టలేకపోవచ్చును. అప్పుడు బాలుడు నేర్చునది సత్యము కాదు, తప్పించుకొను నేర్పు.

తప్పంతయు బాలురమీద మోపుట ధర్మము కాదు. ప్రాజెక్టుపని యిచ్చిన సాయంకాలము నెట్ సెంటరునకు బోయి పది పుటలు ముద్రింపించి తెచ్చి, రంగుకాగితపు టట్ట వేయించి పంపు తలిదండ్రు లెందఱు లేరు? ఆ యట్టను చూచి పూర్తిమార్కు లిచ్చు నుపాధ్యాయు లెందఱు లేరు? అదేతరగతిలో నొక బాలిక తన యవ్వ నడిగి తెలిసికొని, "మా యవ్వ చెప్పినది" యని వ్రాసి, తడబడు మాటలలో రెండు పుటలు నింపి తెచ్చును. ఆమె వాక్యములు వంకరగా నుండవచ్చును. ఆమె యాకరనిర్దేశము మాత్రము మల్లినాథుడు మెచ్చదగినది. తానెవరిని అడిగెనో చెప్పినది. విన్నదానిని విన్నట్లు చెప్పినది. ఆమెకు సగము మార్కులిచ్చి, రంగుటట్టకు నిండుమార్కు లిచ్చిననాడు, మనము తరగతి కంతకును నొక పాఠము చెప్పిన వారమగుదుము. ఆ పాఠము పాఠ్యపుస్తకములో లేకున్నను బాలురు మఱువరు.

సంస్కరణమును గోరు గృహములకు నే నొక్క మనవి చేయుదును. బిడ్డ వ్యాసము తెచ్చి చూపినపుడు "ఎన్ని మార్కులు?" అని యడుగుటకు ముందు "ఇది నీ కెట్లు తెలిసినది?" అని యడుగుడు. పుస్తకమును చూపినచో పుట తెఱచి యిద్దఱును చదువుడు. చూపలేకపోయినచో కోపింపక, కలసి వెదకుడు. వెదకినను దొరకనిచో నావాక్యమును గొట్టివేయుటకు బిడ్డను బ్రోత్సహింపుడు. ఉపాధ్యాయులు పది మార్కుల వ్యాసమున రెండు మార్కులు ఆకరనిర్దేశమునకు కేటాయించి, ఆ సంగతి ముందుగానే తరగతిలో చెప్పవలెను. ఇందుకు క్రొత్త చట్టము కాని, ధనవ్యయము కాని యక్కఱలేదు. "ఎవ రనిరి? ఎక్కడ ననిరి?" అను రెండు ప్రశ్నములు బాల్యముననే నాలుక కలవడినచో, పెద్దవాడైన పిదప వేదికపైనుండి వచ్చిన మాటను, పత్రికలో బడిన మాటను, చేతిలోని యంత్రము చెప్పిన మాటను సయితము అతడు వానితోనే తూచును. అట్లు తూచి చూచు పౌరులను దయారుచేయని వ్యాసరచన యెంత సొగసుగా నున్నను చేతివ్రాత యభ్యాసమే యగును.